పదికి పది మబ్బు

కరకోల్
సెప్టెంబరు 6

ప్రియమైన తాయెజే,

ఆరు రోజులు, ఆరు బొమ్మలు. కవరులో అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. డీజిల్ బండి తోలే పెద్దాయన సదిర్ ఆకె చేతికిచ్చి, తడి తగలకుండా పైకి చేర్చమని రెండుసార్లు చెప్పాను. ఆయన మూడోసారి నాకే చెప్పి నవ్వాడు.

సంగతేమిటంటే, బిష్కెక్‌లో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే కార్యశాల ఒకటుంది. దాన్ని నడిపే పెద్దావిడ అనారా ఎజే ఒక పందెం పెట్టింది. రోజూ పొద్దున్నే ఫోనులో ఒక మాట వస్తుంది. కెటిల్ అనో, గుమ్మం అనో. ఆ మాటకు సరిపడే బొమ్మ అరచేతి వెడల్పు కార్డు మీద నీళ్ళతో కలిపే గువాష్ రంగులతో సాయంత్రంలోగా వేసి ఫోటో పంపాలి. ఇలా వంద రోజులు. ఒక్క రోజు తప్పినా లేనట్టే. వంద పూర్తిచేసినవాళ్ళని జనవరిలో కార్యశాలలో చేర్చుకుని, తిండీ బసా ఇచ్చి పని నేర్పుతారు. కాలేజీలో చదువుతున్న భాషా, ఈ బొమ్మలూ ఒకే పుస్తకంలో కలిసే చోటు అదొక్కటే, తాయెజే. నాకది కావాలి.

కానీ అనారా ఎజే ఫోటోలని నమ్మదు. కుంచెతో బతికిన మనిషి ఎవరైనా అసలు కార్డులు చూసి, ఏ రోజు బొమ్మ ఆ రోజే వేసిందని సంతకం చెయ్యాలట. మన చుట్టాల్లో కుంచెతో బతికింది మీరొక్కరే. ఈ ఊరి సినిమా హాలుకి పదమూడేళ్ళు గువాష్‌తో పోస్టర్లు రాశారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అందుకే ఇవి మీకు పంపుతున్నాను.

ఇంకొక మాట. నా బొమ్మల్ని ఎవరో మారుస్తున్నారు. మూడో రోజు నేను వేసిన ఆకాశం నల్లగా, బావి లోపలిలా ఉంది. తెల్లారి చూస్తే సుద్దపొడి చల్లినట్టు వెలిసిపోయింది. నాలుగో రోజూ అంతే. గది తాళం నా దగ్గరా, నాతో ఉండే ఎల్నూరా దగ్గరా తప్ప ఎవరి దగ్గరా లేదు. నిన్న మొహం మీదే అడిగేశాను. అది జుట్టు దువ్వుకుంటూ, "నీ బొమ్మలు పాడుచెయ్యడానికి నేనెందుకే, నువ్వున్నావుగా" అంది. దాంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. కార్డులు పెట్టెలో పెట్టి తాళం వేశాను. అయినా వెలిసిపోతున్నాయి. తాళాలు తియ్యడం కూడా వచ్చేమో దానికి.

ఏం చెయ్యమంటారు?

మీ పెరిజాత్


తాష్-బెల్ కనుమ, వాతావరణ కేంద్రం
సెప్టెంబరు 14

ఐలనాయిన్ పెరిజాత్,

ముందు ఆ ఎల్నూరా దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పు. తర్వాత ఈ ఉత్తరం మిగతాది చదువు.

చెప్పావా? సరే. గువాష్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకొకలా ఉంటుంది. ముదురు రంగులు ఆరితే తేలిపోతాయి. లేత రంగులు ఆరితే కాస్త ముదురుతాయి. నీ పెట్టె తాళం ఎవరూ తియ్యలేదు, నీళ్ళు ఆవిరయ్యాయి, అంతే. నేను మొదటిసారి రాసిన పోస్టర్‌లో విలన్ కోటు సాయంత్రానికి నలుపు, పొద్దుటికి బూడిద. హాలు మేనేజరు నన్నే అనుమానించాడు, నలుపు రంగు ఇంటికి పట్టుకుపోయి సున్నం కలిపానని. కాబట్టి పక్కన చిత్తు కాగితం ఉంచుకో. రంగు కలిపాక దాని మీద ఒక్క చుక్క పెట్టి, ఆరనిచ్చి, అప్పుడు కార్డు మీద పెట్టు. ఆరిన రంగు మీద తడి కుంచెతో ఎక్కువ రుద్దకు. కిందిది లేచి పైకొచ్చి బురదవుతుంది.

ఇంకొకటి. బూడిద రంగులు నువ్వే కలుపుకో, సీసాలో కొన్నది వాడకు. తెలుపు, నీలం, ఇటుక ఎరుపు. ఇవాళ కలిపిన బూడిద రేపు మళ్ళీ అచ్చం అలాగే రాదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికీ రాదు. అందుకే దానికంత అందం.

ఇక్కడ మాకు మామూలే. నేనూ మా ఆయన జుమాషూ రోజుకి ఎనిమిదిసార్లు బయటికెళ్ళి వేడీ, గాలీ, మబ్బూ చూసి పెన్సిలుతో రాస్తాం. సిరా గడ్డకట్టిపోతుంది. మబ్బుని పదికి ఎంత అని కొలుస్తాం. ఆకాశం పూర్తిగా మూసుకుపోతే పదికి పది. మధ్యాహ్నం మూడింటికి రేడియోలో అన్ని కేంద్రాలూ వరసగా తమ వాతావరణం చదువుతాయి, కరకోల్ కూడా. మీ ఊళ్ళో ఎండో వానో నాకు రోజూ తెలుస్తుంది. నువ్వు శాలువా మర్చిపోయి బయటికెళ్ళి ఉంటావని మీ జెజ్దే జుమాష్‌తో అంటుంటాను.

సంతకం సంగతి. చూసి పెడతాను. చూడకుండా పెట్టను. చెల్లెలి కూతురివని అసలే పెట్టను.

అల్మాష్


కరకోల్
సెప్టెంబరు 27

ప్రియమైన తాయెజే,

ఎల్నూరాని క్షమించమన్నాను. అది వెంటనే క్షమించలేదు. బజారులో రెండు గిన్నెల అష్లాన్-ఫూ నూడుల్స్ తినిపించుకుని, రెండో గిన్నె ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ క్షమించింది. వారం రోజులు బంగాళాదుంపలు నేనే చెక్కు తియ్యాలట. తీస్తున్నాను.

చిత్తు కాగితం పద్ధతి అద్భుతం. ఇప్పుడు నా బల్ల నిండా చుక్కల కాగితాలే. ఒక్కో చుక్క కింద పేరు రాసుకుంటున్నాను. సీసాల మీది పేర్లు చాలవు. "ఉతికి ఆరేసిన ఉన్ని", "పాల టీ తాగాక గిన్నె అడుగు", "బస్సు అద్దం మీద ఎవరో ఊదిన ఆవిరి". ఇరవై రెండో రోజు కార్డులో దారి మొత్తం ఆ మూడో రంగే. పేరు ముందు దొరికింది, రంగు తర్వాత. ఇలా కూడా జరుగుతుందా?

అనారా ఎజే గుంపులో మొదట డెబ్భై మంది. ఇప్పుడు నలభై ఒక్కరం. రోజూ సాయంత్రం ఎవరి పేరు రాలిపోయిందా అని చూస్తాం. చూసినప్పుడు కొంచెం సంతోషమేస్తుంది. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెరిజాత్


తాష్-బెల్ కనుమ
అక్టోబరు 6

ఐలనాయిన్ పెరిజాత్,

ఇరవై రెండో కార్డు కిటికీలో పెట్టాను. దారి బాగుంది. దారి మీద కుక్క బాగాలేదు, దానికి మోకాళ్ళు ముందుకు వంగుతున్నాయి. నీ పేర్ల జాబితా మీ జెజ్దేకి చదివి వినిపించాను. "పాల టీ గిన్నె అడుగు" దగ్గర ఆపి, లేచెళ్ళి తన గిన్నె తెచ్చి చూసుకున్నాడు.

పదహారో తారీఖున ఆయన తమ్ముడి కూతురి పెళ్ళికి కిందికి దిగుతున్నాడు. పది రోజులు నేనొక్కదాన్నే. పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, మా కేంద్రంలో తనంతట తానే చూసి పంపే యంత్రం పెట్టే ఆలోచన ఉందట. మనుషులు నమ్మకంగా చూసుకుంటున్నంత వరకూ తొందరేమీ లేదట. అందులో ఆ "నమ్మకంగా" అన్న మాట కింద ఎవరో గీత కూడా గీశారు.

నలభై మందిలో ఎవరు రాలిపోతున్నారో చూడకు. కుక్క మోకాళ్ళు చూడు.

అల్మాష్


కరకోల్
అక్టోబరు 18

ప్రియమైన తాయెజే,

ఎలా ఉన్నారు? ఇక్కడంతా బాగుంది. 31 నుంచి 48 దాకా కార్డులు పంపుతున్నాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, అందుకే పొడుగ్గా రాయలేకపోతున్నాను. ఎల్నూరా మీకు నమస్కారాలు చెప్పమంది. ఆపిల్స్ ఈ ఏడు చాలా కాశాయి, సదిర్ ఆకె చేత ఒక సంచీ పంపుతున్నాను.

పెరిజాత్


తాష్-బెల్ కనుమ
అక్టోబరు 29

పెరిజాత్,

ఆపిల్స్ అందాయి. నాలుగు గడ్డకట్టాయి, మిగతావి బాగున్నాయి. నడుము కాస్త పట్టేసింది నాకు, ఏమీ లేదు. జుమాష్ వచ్చేశాడు.

కార్డులు రెండు రోజులు బల్ల మీద పరిచి చూశాను. 31 నుంచి 40 దాకా నాకు పేచీ లేదు. 41 నుంచి 45 దాకా ఉంది.

నలభై ఒకటి కెటిల్, నలభై రెండు బూట్ల జత, నలభై మూడు ఆపిల్, నలభై నాలుగు కుర్చీ, నలభై ఐదు కిటికీ. ఐదింట్లోనూ గోడ బూడిద రంగు ఒక్కటే. దగ్గర దగ్గరగా కాదు, ఒక్కటే. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూశాను. కలిపిన బూడిద మర్నాడు మళ్ళీ రాదని నీకు రాసింది నేనే.

తర్వాత రికార్డు పుస్తకం తీశాను. రేడియోలో కరకోల్ చదివినవి ఇవి: అక్టోబరు 11, గాలి, వాన. 12, వాన, మంచు కలిసి. 13, మంచు, మబ్బు పదికి పది. 14, మబ్బు పదికి పది. 15, ఆదివారం, నిర్మలం, మబ్బు సున్నా.

అక్టోబరు 13 నీ నలభై మూడో రోజు. ఆ రోజు నీ ఆపిల్ కింద నీడ ఉంది. కత్తితో కోసినట్టు అంచున్న నీడ. ఆకాశం మూసుకుని మంచు పడుతున్న రోజు ఆపిల్‌కి ఆ నీడ ఎక్కణ్ణుంచి వచ్చింది?

కారణం ఉంటే రాయి.

అల్మాష్


కరకోల్
నవంబరు 5

తాయెజే,

మీ ఉత్తరం ఎల్నూరా ముందే విప్పాను. నా మొహం చూసి ఎవరు పోయారని అడిగింది.

కారణం ఉంది. ఆ వారం గది చీకటిగా ఉంటే బల్ల దీపం కింద పెట్టి వేశాను. దీపానికి నీడ పడుతుంది. మబ్బుకీ దానికీ సంబంధం లేదు. గోడ రంగు ఒకటే ఎందుకంటే గోడ ఒకటే. ఎక్కువగా కలుపుకుని మూత ఉన్న సీసాలో పెట్టుకున్నాను, వృథా చెయ్యకూడదని. పొదుపు కూడా తప్పేనా?

కనుమ మీద కూర్చుని మా ఊరి మబ్బుల లెక్కతో నా అబద్ధాలు వెతుకుతారని తెలిసుంటే సంతకానికి వేరే ఎవరినైనా అడిగేదాన్ని. గుంపులో మిగతావాళ్ళకి సంతకాలు పెట్టేవాళ్ళు కార్డులు విప్పి కూడా చూడరట. ఇరవై నాలుగు మందిమి మిగిలాం. నేను అరవై ఆరో రోజులో ఉన్నాను. ఇంకా ముప్పై నాలుగే.

మీరు నన్ను నమ్మరని అమ్మకి చెప్పలేదు. చెప్పనా?

పెరిజాత్


తాష్-బెల్ కనుమ
నవంబరు 14

పెరిజాత్,

చెప్పు. మీ అమ్మ నా చెల్లెలు, నా గురించి ఇంతకంటే ఘోరమైనవి విన్నది.

బూట్ల కార్డు మళ్ళీ చూశాను. ఎడమ బూటు నీడా, కుడి బూటు నీడా ఒకదాని పక్కన ఒకటి సమానంగా పోతున్నాయి. దీపం దగ్గరుంటుంది కాబట్టి దాని ముందు రెండు వస్తువులు పెడితే నీడలు కాళ్ళు చాచినట్టు విచ్చుకుంటాయి. సమానంగా పోయే నీడలు సూర్యుడివే. నువ్వు చూడనిది వెయ్యలేదు, చూసిందే వేశావు. అక్కడే దొరికావు. ఆ ఐదింట్లోనూ ఎండ ఒకే వైపు నుంచి, ఒకే ఎత్తు నుంచి వస్తోంది. ఆదివారం పొద్దున పది గంటల ఎండ.

సీసాలో దాచిన రంగయితే మూడో రోజుకి జిగురు అడుక్కి దిగుతుంది. మళ్ళీ నీళ్ళు పోసి కలపాలి, కలిపితే పలచబడి అంచుల్లో మరకలు కడుతుంది. నీ గోడలకి ఒక్క మరక లేదు.

నలభై ఐదోది నిజం. ముందు నాలుగూ నిజం కాదు. ఆ నాలుగు రోజులూ ఏం చేశావో నాకు తెలీదు, అడగడం లేదు. కానీ వంద అని రాసిన కాగితం మీద నా పేరు పెట్టను.

31 నుంచి 48 దాకా తిరిగి పంపుతున్నాను. నువ్వే పక్కపక్కన పెట్టి చూసుకో.

అల్మాష్


కరకోల్
నవంబరు 24

అల్మాష్ ఎజేకి,

కార్డులు అందాయి. పక్కపక్కన పెట్టి చూశాను. మీరు కార్డులు చుట్టి పంపిన కాగితాలు కూడా చూశాను.

అవి మీరు బయట రీడింగులు రాసుకునే చిత్తు కాగితాలు. అక్టోబరు 17 నుంచి 24 దాకా. మీరు పాత కాగితాలతోనే అన్నీ చుడతారు, ఇంతకుముందు ఎప్పుడూ చదవలేదు. ఈసారి చదివాను. నాకు చూడడం నేర్పింది మీరే కదా.

పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది: ప్రతి వరసా వేరు. ఒకటి సన్నటి మొనతో, ఒకటి మొద్దు మొనతో. ఒక చోట అంకె వణికింది, చలికి కాబోలు. ఒక చోట టీ మరక. ఒక చోట మంచు చుక్క పడి ఉబ్బిన కాగితం. ఇరవై నుంచి ఇరవై మూడు దాకా, నాలుగు రోజులు, ముప్పై రెండు వరసలు. మరక లేదు, వణుకు లేదు. మొదటి వరసలో పెన్సిలు మొన సూదిలా ఉంది. కిందికి వచ్చేకొద్దీ మెల్లమెల్లగా మొద్దుబారి, ముప్పై రెండో వరసకి బొగ్గులా ఉంది. నాలుగు రోజుల్లో మీరు ఒక్కసారి కూడా పెన్సిలు చెక్కలేదు. లేకపోతే అన్నీ ఒకేసారి కూర్చుని రాశారు.

జుమాష్ జెజ్దే పెళ్ళిలో ఉన్నాడు. మీరొక్కరే ఉన్నారు. ఆ నాలుగు రోజులూ కనుమ మీద ఎంత చలి ఉందో మీకు నిజంగా తెలుసా?

నా ఆపిల్ నీడ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మీ అంకెలు రేడియోలో దేశమంతా విన్నది. బండ్లు మీ మాట నమ్మి కనుమ ఎక్కుతాయి. సదిర్ ఆకె కూడా.

మీరు అనారా ఎజేకి ఏం రాస్తారో రాయండి. నేను మీ పైవాళ్ళకి ఏం రాయాలో నాకూ తెలుసు. భాష చదువుకుంటున్నదాన్ని, ఉత్తరం బాగానే రాయగలను.

ఈ కాగితం పొరపాటున చుట్టారా, కావాలనే చుట్టారా? రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. మీలో ఏది నమ్మాలో తెలియడం లేదు.

పెరిజాత్


తాష్-బెల్ కనుమ
డిసెంబరు 3

పెరిజాత్,

నీ ఉత్తరం జుమాష్‌కి ఇచ్చాను. చదివి, "ఈ పిల్లని ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకోవాల్సింది" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నడుము పట్టేసిందన్నావు" అన్నాడు. ఆయనకి కూడా చెప్పలేదు నేను.

ఇరవయ్యో తారీఖు పొద్దున వాన కొలిచే డబ్బా దగ్గర మంచు గడ్డ మీద జారి పడ్డాను. గుమ్మం దాకా పాకుతూ వచ్చాను. థర్మామీటర్ల పెట్టెకి నిచ్చెన ఎక్కాలి, నీకు తెలుసు కదా. నాలుగు రోజులు ఎక్కలేకపోయాను. మంచం కిటికీ దగ్గరికి జరుపుకుని, అద్దంలోంచి మబ్బు చూస్తూ, గాలి చప్పుడు వింటూ, మిగతాది ఊహించి మూడింటికి రేడియోలో చదివాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నదాన్ని, పెద్దగా తప్పి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై మూడు సాయంత్రం లేచి కూర్చుని, పెన్సిలు చెక్కి, అన్నీ ఒకేసారి నింపాను.

చూడని రీడింగు దగ్గర ఒక గీత గీసి వదిలెయ్యాలి. మొదటి రోజే నేర్పుతారు మాకు. అంకె తప్పయితే తప్పే, కానీ గీత ఉన్నచోట అక్కడ ఎవరూ చూడలేదని అందరికీ తెలుస్తుంది. ముప్పై రెండు గీతలు గీస్తే యంత్రం వచ్చేస్తుంది. అందుకని గియ్యలేదు. ఇరవై రెండున సదిర్ బండి కనుమ ఎక్కింది, నువ్వన్నది నిజం. నేను గాలి ఒక మోస్తరు అని చదివాను. అతను చక్రాలకి మంచు గొలుసులు కట్టుకోకుండా వచ్చాడు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని నలభై రోజులుగా అనుకుంటున్నాను.

అదే వారంలో నీ ఆపిల్ నీడ చూశాను. నీ మీద నాకు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు నీకర్థమయ్యే ఉంటుంది.

పైవాళ్ళకి నేనే రాశాను. ఆ ఉత్తరం మీది తారీఖు నవంబరు 20, నీ బెదిరింపు రాకముందు. నకలు లోపల ఉంది, పెన్సిలు మొన కూడా చూసుకో. వసంతంలో ఎవరో తనిఖీకి వస్తారట. తర్వాత యంత్రమో, మేమో, చూడాలి.

కాగితం ఎందుకు చుట్టానని అడిగావు. చేతికి ఏది దొరికితే అది చుట్టాను. నమ్మితే నమ్ము.

నీ ధ్రువపత్రం లోపల ఉంది. "కింది రోజుల బొమ్మలు ఆ రోజే వేసినవని" అని రాసి సంతకం పెట్టాను. ఎన్ని రోజులో చెప్పే చోటు ఖాళీగా ఉంచాను. రంగు చూసి తెలిసేది నాకు తెలిసింది. మిగతాది తెలిసింది నీకే. అంకె నువ్వు వెయ్యి.

అల్మాష్


కరకోల్
డిసెంబరు 13

తాయెజే,

ఖాళీ చూసి, ముందు ఇది పరీక్ష అనుకున్నాను. నేను వంద వేస్తే అనారా ఎజేకి మీరు వేరే ఉత్తరం రాసే ఉంటారని. ఎల్నూరాకి చూపించాను. అది కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి చూసి, "మీ ఇంట్లో అందరూ ఇంతేనా, ఒకళ్ళ జేబులు ఒకళ్ళు వెతుక్కుంటూ బతుకుతారా" అంది. ఆరు రోజులు కాగితం అలాగే ఉంచాను. ఆ ఆరు రోజులూ బొమ్మలు వేశాను. తొమ్మిదో తారీఖున వందోది అయిపోయింది. వందో రోజు మాట "రుజువు". అనారా ఎజే కావాలనే పెట్టిందేమో. నేను ఎల్నూరా పిండి చేతులు వేశాను, నూనెలో వేయించే బూర్సోక్ చేస్తుంటే.

ఆ నాలుగు రోజుల సంగతి మీరు అడగలేదు. చెబుతాను. నలభయ్యో రోజు మాట "అమ్మ". అమ్మ మొహం వేశాను, బాగా వచ్చింది. చెంప మీద ఒక్క చోట సరిచేద్దామని తడి కుంచె పెట్టాను. కింది రంగు లేచింది. ఇంకా రుద్దాను. మొహం మొత్తం బురదైంది. మీకు పంపిన నలభయ్యో కార్డు రెండోసారి వేసింది, అదే రోజు వేసిందే, కానీ అందులో అమ్మ వీపు కనిపిస్తుంది, గమనించే ఉంటారు. మర్నాడు పొద్దున కెటిల్ అని మాట వచ్చింది. కుంచె తియ్యలేదు. జబ్బు చెయ్యలేదు, పనేమీ లేదు. కాలేజీకి వెళ్ళాను, నవ్వాను, ఆపిల్స్ తిన్నాను. రేపు వేస్తాలే అనుకున్నాను. అంతకుముందు రోజుల కార్డులు ఫోటో తీసి, వాటినే కొంచెం తిప్పి, మసక చేసి పంపాను. ఎవరూ అడగలేదు. ఆదివారం ఎండ కాసింది, ఐదూ ఒక్క పూటలో వేసేశాను. చాలా తేలిగ్గా అయిపోయింది. అంత తేలిగ్గా అయిపోవడం చూసి నాకే భయమేసింది.

మీకు బెదిరింపు రాశాను. దానికి క్షమాపణ ఏ మాటల్లో రాయాలో తెలియలేదు. మూడు చిత్తు కాగితాలు చించాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తాను, ఎన్ని వారాలంటే అన్ని వారాలు.

ధ్రువపత్రంలో తొంభై ఆరు అని వేశాను. ఆ నాలుగు కార్డులూ తీసేసి, వాటి చోట నాలుగు ఖాళీ కార్డులు పెట్టాను. ఒక్కో దాని మీద తారీఖు వేసి, మధ్యలో పెన్సిలుతో అడ్డంగా ఒక గీత. అన్నీ అనారా ఎజేకి పంపాను.

నిన్న ఆవిడ ఫోను చేసింది. "తొంభై ఆరు వంద కాదు, అమ్మాయ్" అంది. జనవరిలో నన్ను తీసుకోరు. ఎలా దొరికావని అడిగింది. ఆపిల్ నీడ గురించీ, మబ్బు పదికి పది గురించీ చెప్పాను. తర్వాత, గీతలు ఎందుకు గీశావని అడిగింది. చూడని చోట గీత గీస్తారని చెప్పాను. మిగతా పదిహేడు మంది కార్డులూ అటక మీంచి దింపించి, అక్టోబరు వాతావరణం ఎక్కడ దొరుకుతుందని అడుగుతోందట. గుంపులో నిన్నటి నుంచి ఎవరూ ఎవరినీ పలకరించడం లేదు.

వచ్చే పందెం మార్చిలో. నేను మార్చి దాకా ఆగలేదు. పదో తారీఖునే మొదలుపెట్టాను, ఎవరూ మాట ఇవ్వకుండానే. మొదటి కార్డు లోపల ఉంది. కిటికీ గట్టు మీద ఆపిల్. నీడ వెయ్యలేదు, ఎందుకంటే లేదు. గోడ బూడిదకి ఇంకా పేరు పెట్టలేదు.

డిసెంబరు 10, మధ్యాహ్నం మూడింటికి కరకోల్ ఏం చదివిందో తీసి చూసుకోండి.

మీ పెరి